న్యాయం కోరుతూ, నకలు అందరికీ

"సీసీ పెట్టినావా నాయనా? నిజం చెప్పు. సీసీ?"

వంటింట్లో చెనిక్కాయల చట్నీకి మిక్సీ తిరుగుతోంది. ఆ రొదలో కుప్పమ్మ చెవిదాకా వచ్చినవి రెండు అక్షరాలే. చేతిలో గరిటెతో అట్లాగే హాల్లోకి వచ్చేసింది.

"ఏందే పాపా! కన్న నాయన్ను పట్టుకొని సీ సీ అంటా ఉండావు? పీజీ సదివిస్తే నేర్సుకున్న మర్యాద ఇదేనా?"

"అమ్మా, ఆ సీ సీ కాదు మా..."

"మళ్ళా అంటాదే! సూసినారా, మీరిచ్చిన అలుసు!"

మా చిత్తూరు వైపు 'ఛీ'కీ 'సీ'కీ తేడా తెలుసుకోవాలంటే చెవి చాలదు, ముఖం చూడాలి. కుప్పమ్మ కూతురి ముఖం చూసింది. అది 'ఛీ' అనే ముఖంగానే ఉంది. పాపం, ఆమె తప్పేమీ లేదు.

"ఎవురూ ఎవుర్నీ ఏమీ అన్లేదు మే," అన్నాడు యోగానంద కుర్చీలోనుంచి లేవకుండా. "సీసీ అంటే నకలు. మెయిలు ఒకరికి రాస్తే దాని నకలు పెద్దోళ్ళకు గూడా పంపేది. యూనివర్సిటీ సైటులో అడ్రసులు ఎతికి మరీ నేనే పెట్టినాను. దానికింత గోల."

"ఎవురెవురికి పెట్టినావో అమ్మకు సదివి ఇనిపించు." లోహిత లాప్‌టాప్‌ని తండ్రి వైపు తిప్పింది.

యోగానంద కళ్ళజోడు సర్దుకున్నాడు. "వైస్ చాన్సలర్ గారు, రిజిస్ట్రార్ గారు, డీన్ గారు. ఒక్కరికైనా 'గారు' తప్పిందా సూడు."

"మా గైడు నందిని మేడమ్‌కు మెమో ఇచ్చినారు నాయనా! నేను ఆమె మీద కంప్లైంట్ చేసినానంట!"

కుప్పమ్మ వంటింట్లోకి పోయి మిక్సీ ఆపింది. మిక్సీతోపాటు ఇల్లంతా ఆగినట్టయింది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా చిత్తూరు కలెక్టరాఫీసు ఎదుట అర్జీలు రాసే రైటరు యోగానంద. పింఛను ఆగినా, పాసుపుస్తకంలో పేరు తప్పినా, పక్కింటాయన గోడ అడుగు ముందుకు జరిగినా జనం ఆయన టార్పాలిన్ కిందికే వస్తారు. ఎలర్జీ ఉన్నవాడు డాక్టరు దగ్గరికి పోతాడు, అర్జీ ఉన్నవాడు యోగానంద దగ్గరికి వస్తాడు. రెండింటికీ గోకుడే. ఒకటి చర్మం మీద, ఇంకొకటి కాగితం మీద.

లోహిత తిరుపతిలో ఎం.ఏ. రెండో ఏడు. కాణిపాకం గుడి దగ్గర గరిక, టెంకాయలు అమ్మేవాళ్ళ బతుకుల మీద పరిశోధన వ్యాసం రాస్తోంది. గడువు దగ్గర పడింది, పని మిగిలింది. గైడు నందిని మేడమ్‌ను పదిహేను రోజులు అడగాలి. అడగాల్సింది అంతే.

ఆ అడగడానికే లోహిత రెండు పూటలు తన్నుకులాడింది. మొదటి ఏడు ఒక మాస్టారికి రాసిన మెయిలును ఎవరో క్లాసు గ్రూపులో పెట్టారు. 'రెస్పెక్టెడ్ సర్, మైసెల్ఫ్ లోహిత' అన్న ముక్క మీద వారం రోజులు నవ్వారు. అప్పటినుంచి ఇంగ్లీషులో పెద్దవాళ్ళకు రాయాలంటే ఆమెకు వేళ్ళు కొంకర్లు పోతాయి. తెలుగులో ఒక 'అండి' తగిలిస్తే పోయేదానికి ఇంగ్లీషులో ఏం తగిలించాలో తెలియదు.

అందుకని గురువారం పొద్దున రెండు లైన్లు రాసి, లాప్‌టాప్ నాయన ముందు పెట్టింది. "మర్యాద తక్కువైనట్టుండాది నాయనా. సూసి, కొంచెం మర్యాద ఎక్కించి పంపించెయ్," అని కాణిపాకం బస్సెక్కింది.

కొంచెం మర్యాద! యోగానంద దగ్గర మర్యాద చిల్లరగా దొరకదు. దిగితే లారీ లోడే.

ఆయన పంపిన ఇంగ్లీషు మెయిలును తెలుగులో చెప్పుకుంటే ఇదీ. విషయం: న్యాయం కోరుతూ. మహారాజశ్రీ మేడమ్ గారి దివ్య సముఖమునకు, బాధితురాలైన లోహిత మిక్కిలి వినయముతో చేసుకొను విన్నపము. తమరు తక్షణమే తగు చర్య తీసుకొని పదిహేను దినముల గడువు మంజూరు చేయవలెను. లేనిచో కోలుకోలేని నష్టమునకు గురియై, పై అధికారులను ఆశ్రయించుట తప్ప ఈ బాధితురాలికి గత్యంతరము లేదు. నకలు సమర్పించడమైనది: ఆ తర్వాత ముగ్గురు గార్లు.

వినయంతో మొదలై విషయం దాకా వచ్చేసరికి విషమైంది.

"ప్లీజ్ అని రాయమంటే పోలీస్ మాదిరి రాసినావే నాయనా!"

"పోలీసు యాడుంది దాంట్లో? 'మిక్కిలి వినయముతో' అని మొదటి లైన్లోనే ఉండాది."

"రెండో లైన్లో 'తక్షణమే' అని ఉండాది!"

"తక్షణమే అనకపోతే ఎవురు సేస్తారు మా? ముప్పై ఏండ్లుగా ఇదే రాస్తా ఉండాను. ఒక్కరన్నా కోపం సేసుకోలేదు."

"వాళ్ళు సదవరు నాయనా! సదివితే గదా కోపం వచ్చేది!"

ఆ మాట గట్టిగానే తగిలింది. యోగానంద కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టాడు. ఆ అద్దాల మీద మురికేమీ లేదు.

"ఆ మేడమ్ ఏమనింది?" కుప్పమ్మ వంటింటి గడప దగ్గరనుంచే అడిగింది.

లోహిత ఫోన్ తీసి చదివింది. ఒకే లైను. తెలుగులోనే ఉంది.

"'లోహితా, నన్ను అడిగుంటే నెల రోజులు ఇచ్చేదాన్ని కదా.'"

తిట్టుంటే బాగుండేది. తిడితే ఎదురు తిట్టుకోవచ్చు.

"ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం మా," అంది లోహిత గొంతు తగ్గించి. "ఈ నెలాఖరుకు అయిపోతాది. మళ్ళా పొడిగించే ఫైలు రేపు పైకి పోవాల. ఇప్పుడు దాని మీద ఈ మెమో కూర్సోనుండాది. విద్యార్థిని ఎందుకు వేధించినావో రాతపూర్వకంగా చెప్పమన్నారంట. మధ్యాన్నం మూడింటికి డీన్ రూముకు నన్నూ రమ్మని ఫోన్ చేసినారు."

"నేనూ వస్తా," అన్నాడు యోగానంద.

"వద్దు."

"రాసింది నేను గదమ్మా."

"అందుకే వద్దు!"

అయినా పదకొండు గంటల తిరుపతి బస్సులో రెండు సీట్ల మీద ఇద్దరూ ఉన్నారు. కిటికీ పక్కన లోహిత. ఇటు ఇస్త్రీ చొక్కా వేసుకున్న యోగానంద, ఒడిలో అర్జీల ఫైలు. బస్సు పూతలపట్టు దాటింది. పాకాల క్రాసు దగ్గర ఆయనే కదిలించాడు.

"ఈ మెయిలు అంటే ఏదో ఈ మేలు సేస్తాదనుకుంటి..."

రోజూ ఆయన టార్పాలిన్ కింద ఇట్లాంటి మాటలకు జనం పడీపడీ నవ్వుతారు. లోహిత చిన్నప్పుడు నవ్వేది. ఇప్పుడు కిటికీ వైపు తిరిగింది.

చంద్రగిరి దాటాక ఆమే నోరు విప్పింది. "ఆడ నువ్వు ఇంగ్లీషు మాట్లాడొద్దు నాయనా."

"సరే."

"అసలు మాట్లాడొద్దు. బయట బెంచీ మీద కూర్సో."

"సరే మా."

ఆయన అంత తొందరగా ఒప్పుకున్నందుకు ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

డీన్ గారి పేరు ప్రేమానందం. ఆ పూట ఆయన ముఖానికి ప్రేమ సెలవు పెట్టింది, ఆనందం అసలు డ్యూటీకే రాలేదు. బల్లకు ఇటు నందిని మేడమ్ కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. లోహిత వైపు చూడలేదు. తలుపు పూర్తిగా పడలేదు, జానెడు సందు ఉంది.

"ఈ మెయిలు నీదేనా?" డీన్ గారు కాగితం ముందుకు తోశారు.

"నా ఐడీ నుంచే సార్."

"న్యాయం కోరుతూ. ఏం అన్యాయం జరిగిందమ్మా నీకు? చెప్పు, మేడమ్ ముందరే చెప్పు. భయపడొద్దు."

"ఏమీ లేదు సార్."

"ఏమీ లేకుండానే వైస్ చాన్సలర్ గారి దాకా పోతారా?"

అప్పుడు నందిని మేడమ్ మాట్లాడింది. మెల్లగానే. "బాధితురాలు అని రాసినావు లోహితా. నేను నిన్ను ఏం బాధ పెట్టినానో చెప్పు. నిన్న రాతిరంతా నేనదే ఆలోచిస్తా ఉండాను. క్లాసులో ఏమన్నా అన్నానా? మార్కులు తగ్గించినానా? నువ్వు చెప్తే నాకూ తెలుస్తుంది."

"నేను రాయలేదు మేడమ్."

"మరెవరు రాసినారు?"

తలుపు సందులోంచి బెంచీ కనబడుతోంది. బెంచీ కింద నాయన తోలు చెప్పులు, ఒకదానికి కొత్త కుట్టు. మెరిసే గచ్చు మీద ఆ చెప్పులు లోహితకు చాలా పెద్దవిగా కనిపించాయి. క్లాసు గ్రూపులో వారం రోజుల నవ్వు చెవుల్లో మళ్ళీ వినపడింది. మా నాయన అని చెప్తే, ఏం చేస్తారు అంటారు. అర్జీలు రాస్తాడు అనాలి.

"ఇంటర్నెట్ సెంటర్ వాళ్ళు సార్," అంది. "చిత్తూర్లో."

చెప్పులు కదల్లేదు.

డీన్ గారు వెనక్కి వాలారు. "అట్లయితే కథ వేరే. నీ మెయిలు తెరిచి, నీ పేరు మీద అధికారులకు బెదిరింపు రాసినాడంటే అది సైబర్ నేరం. కంప్లైంట్ ఇద్దాం. సెంటర్ పేరు చెప్పు." ఆయన చేయి ఫోన్ మీదికి పోయింది.

లేని సెంటరుకు లోహిత పేరెక్కడ తెస్తుంది?

తలుపు తెరుచుకుంది.

"నమస్కారం సార్. ఆ సెంటరాయన్ని నేనే."

యోగానంద ఫైలు చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. కూతురి వైపు చూడలేదు. చూస్తే ఎక్కడ తెలిసిపోతుందో అన్నట్టు గోడ మీది గడియారం వైపు చూస్తున్నాడు.

"నువ్వా? ఇక్కడికెట్లా వచ్చినావు?"

"ఈ పాపకు ఇబ్బందైందని తెలిసినాది సార్. తప్పు నాది. అందుకే ఎనకాలే వచ్చినాను."

"ఈ అమ్మాయికి నువ్వేమవుతావు?"

"ఏమీ కాను సార్. రాసిమ్మనింది, రాసిచ్చినాను."

లోహిత కాళ్ళ కింద గచ్చు వైపు చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడే.

డీన్ గారు లేచారు. "బుద్ధుందా నీకు? అరకొర ఇంగ్లీషు పెట్టుకుని పిల్లల చదువుల మీద పడ్డావా? నువ్వు రాసిన నాలుగు ముక్కలకు ఒక టీచరు ఉద్యోగం పోతా ఉంది, తెలుసా?"

"తెలుసు సార్."

"తెలిసీ ఇట్లా నిలబడినావా సిగ్గు లేకుండా? ఏం చదువుకున్నావు?"

"ఎస్సెస్సీ సార్. ఒక సబ్జెక్టు పోయినాది."

"ఏ సబ్జెక్టు?"

యోగానంద చంకలోని ఫైలు సర్దుకున్నాడు. "ఇంగ్లీషే సార్."

ఎవరూ నవ్వలేదు. కలెక్టరాఫీసు ముందు ఇదే ముక్క ఆయన ఎన్నిసార్లు చెప్పి నవ్వించి ఉంటాడో!

ఆయన నందిని మేడమ్ వైపు తిరిగాడు. "అమ్మా, ఈ పాప మీ గురించి రొంబ మంచిగా చెప్పింది. తప్పంతా నా సేతిది. మన్నించండి." అంటూనే వంగాడు. యాభై ఆరేళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టేస్తే ఒక చేయి బల్ల అంచున ఆనించి, తన కూతురి గైడు కాళ్ళ వైపు వంగుతున్నాడు. నందిని మేడమ్ కుర్చీ వెనక్కి జరిపింది.

"మా నాయన మేడమ్!"

ఆ అరుపు ఎంత గట్టిగా వచ్చిందంటే కారిడార్లో పోతున్నవాళ్ళు ఆగి చూశారు.

"ఆయన మా నాయన సార్. సెంటరు లేదు, ఏమీ లేదు. నేనే మర్యాదగా రాసి పంపమని చెప్పినాను. మా నాయన అని చెప్పుకోడానికి... సిగ్గయింది సార్."

డీన్ గారు ఇంకా నిలబడే ఉన్నారు. ఇంతసేపూ తను ఎవర్ని ఎవరి ముందర తిట్టారో అప్పటికి తెలిసినట్టుంది. నీళ్ళ గ్లాసు అందుకుని తాగకుండానే పెట్టేశారు.

"కూర్చోండి," అన్నారు చివరికి. 'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది. "ఎందుకండీ ముగ్గురికి పెట్టినారు? గడువు కావాలంటే మేడమ్‌కు పెడితే చాలు కదా."

యోగానంద కుర్చీ అంచున కూర్చుని ఫైలు విప్పాడు. పింఛను ఆగిన అవ్వ అర్జీ, వీధి దీపం అర్జీ, బోరు వేయమని ఊరి అర్జీ. ఒక్కొక్కటే బల్ల మీద పరిచి, అడుగున ఉన్న వరసలు వేలితో చూపించాడు. "సూడండి సార్. వీధి దీపానికి గూడా కలెక్టరు గారికి, మంత్రి గారికి నకలుండాది. వాళ్ళొచ్చి దీపం ఎయ్యరని మాకూ తెలుసు. పెండ్లి పత్రికలో పెద్దోళ్ళ పేర్లన్నీ ఎయ్యమా? పెండ్లి ఆ పెద్దోళ్ళది కాదు గదా సార్. పేరు ఎయ్యకపోతే లెక్కపెట్టలేదంటారు. మా కాడ నకలంటే అదే. మేడమ్ గారికి ఒక్కరికే రాస్తే ఎవురో సిల్లర మనిషికి రాసినట్టుంటాదని, ముగ్గురు పెద్దోళ్ళను పక్కన నిలబెట్టి గౌరవం సేసినాననుకుంటి."

నందిని మేడమ్ ఆ కాగితాల్లో ఒకటి తీసి అడుగుదాకా చదివింది. తీసిన చోటే పెట్టింది.

"మా దగ్గర నకలు పోయిందంటే ఫిర్యాదు అని అర్థం," అన్నారు డీన్ గారు. "రిజిస్ట్రార్ గారు అట్లే అనుకున్నారు, మెమో ఇచ్చినారు. సరే, ఇప్పుడు నాకు అర్థమైంది. నాకు అర్థమైతే చాలదే! లోహితా, ఆ మెయిలు ఎవరెవరికి పోయిందో అందరికీ ఇప్పుడే రాయి. ఈ సాయంత్రంలోగా వాళ్ళు చూడాలి. చూసి ఏమంటారో నేను చెప్పలేను."

యోగానంద చేయి అలవాటుగా జేబులోని పెన్ను మీదికి పోయింది. అంతలోనే వెనక్కి తీసుకున్నాడు. "నువ్వే రాయి మా."

లోహిత డీన్ గారి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇంగ్లీషులో మొదలుపెట్టింది. కొట్టేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ కొట్టేసింది.

"తెలుగులో రాయి," అంది నందిని మేడమ్ ఇంకెటో చూస్తూ. "వాళ్ళకూ తెలుగొచ్చు."

అప్పుడు వేళ్ళు ఆగలేదు. ఇరవై నిమిషాలు గదిలో కీబోర్డు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పంపే ముందు ఒకచోట ఆగింది. ఒక లైను మీద కర్సరు మినుకు మినుకుమంటూ ఉంది. ఆ లైను తీయలేదు. పంపింది.

డీన్ గారి ఫోన్ టింగుమంది. బల్ల మీద బోర్లా పెట్టిన నందిని మేడమ్ ఫోన్ కూడా టింగుమంది. ఆమె తీయలేదు.

"అందరికీ పోయినాదా?" అడిగాడు యోగానంద.

"పోయింది నాయనా."

"నాకు మెయిలు లేదు గదా. నాకూ సదివి ఇనిపించు."

లోహిత స్క్రీన్ వైపే తిరిగి చదివింది.

"'అందరికీ నమస్కారం అండి. గురువారం నా పేరుతో వచ్చిన మెయిలు ఫిర్యాదు కాదు. నాకు పదిహేను రోజులు గడువు కావలసి, మర్యాదగా అడగడం చేతకాక, మా నాయనను రాయమన్నాను. ఆయన చిత్తూరులో అర్జీలు రాస్తారు. అర్జీకి పెద్దలందరికీ నకలు పెట్టడం అక్కడ గౌరవం. ఆ గౌరవమే మీకు ఫిర్యాదుగా కనిపించింది. నందిని మేడమ్ నన్ను ఎన్నడూ బాధ పెట్టలేదు. వారి మీద మెమో తీసివేయమని అడుగుతున్నాను. దీనివల్ల వారి ఉద్యోగానికి నష్టం వస్తే ఆ తప్పు నాది. ఇంకొక తప్పు కూడా చెప్పాలి. ఈ రోజు డీన్ గారి గదిలో, మా నాయన బయట బెంచీ మీద వింటుండగా, ఆయన...'"

స్క్రీన్ మీద ఆ లైను దగ్గర వేలు ఆనించి, మళ్ళీ చదివింది.

"'...ఆయన మా నాయన అని చెప్పకుండా, ఎవరో ఇంటర్నెట్ సెంటర్ వాళ్ళు అని అబద్ధం చెప్పాను. నాకోసం ఆయన కూడా తాను నాకేమీ కానని చెప్పారు. ఇట్లు, యోగానంద గారి కూతురు లోహిత.'"

ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద అర్జీల అంచులు లేచి పడుతున్నాయి. యోగానంద వాటిని ఒక్కొక్కటిగా ఏరి ఫైల్లో పెట్టుకోసాగాడు. చివరి కాగితం చేతిలోనే ఉండిపోయింది.

"అంతా బాగుండాది మా," అన్నాడు మెల్లగా. "ఆఖర్లో ఆ అబద్ధం సంగతి ఒక్కటి తీసెయ్. పెద్దోళ్ళు సదువుతారు. నిన్ను తక్కువ సేస్తారు."

"పోయింది నాయనా," అంది లోహిత. "అందరికీ పోయింది."